ప్రత్యక్ష ప్రసారానికి అప్పటికప్పుడు తెలుగు చెప్పించేటప్పుడు ఆడియో అమర్చుకునే విధానం

పల్లి పంటకు వచ్చే తెగుళ్ల మీద ఒక శాస్త్రవేత్త హిందీలో ఇస్తున్న ప్రత్యక్ష ప్రసంగాన్ని జడ్చర్ల పక్కన ఒక ఊరి రైతు వేదికలో తెరమీద చూపిస్తూ, దానికి అప్పటికప్పుడు తెలుగు చెప్పించాలని మొదటిసారి పూనుకున్నప్పుడు, నేను అనువాదకుణ్ణి తెర పక్కనే నిలబెట్టి చేతికి మైకు ఇచ్చాను. హిందీ వచ్చే బాక్సుల్లోంచే ఆయన తెలుగు కూడా వచ్చేది. ఆయన నోరు విప్పగానే శాస్త్రవేత్త మాట ఆయనకే వినబడకుండా పోయేది, వినబడాలని హిందీ శబ్దం పెంచితే రైతులకు తెలుగు అందేది కాదు. పది నిమిషాలకు ఆయన మైకు కింద పెట్టి, "నాకే ఇనవడ్తలేదు, ఇగ మీకేం చెప్పాలె" అన్నారు. లోపం ఆయనలో లేదు, నేను తీగలు కలిపిన తీరులో ఉంది.

ఇందులో పట్టుకోవలసిన సూత్రం ఒక్కటే. అసలు ప్రసంగం అనువాదకుని చెవికి చేరే దారి వేరుగా ఉండాలి, హాలుకు చేరే దారి వేరుగా ఉండాలి, అనువాదకుని గొంతు హాలుకు మాత్రమే వెళ్లి తిరిగి ఆయన చెవిలోకి రాకూడదు. తన మాట తనకే ఒక క్షణం ఆలస్యంగా వినబడితే ఎంతటి వక్తకైనా నాలుక తడబడుతుంది.

దీనికి పెద్ద సామాను అవసరం లేదు. ప్రసారం నడపడానికి ఒక ల్యాప్‌టాప్, ఆక్స్ నాబ్ (ఒక ఛానల్ శబ్దాన్ని హాలుకు కాకుండా వేరే దారిలో పంపే బిరడా) ఉన్న చిన్న మిక్సర్, ఒక మైకు, చెవులను పూర్తిగా మూసే తీగ హెడ్‌ఫోన్, దానికి శబ్దం పెంచి ఇచ్చే చిన్న హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ చాలు. మైక్ సెట్టు అద్దెకు తెచ్చుకునేటప్పుడు, మిక్సర్‌లో ఆక్స్ సెండ్ (ఆ వేరే దారి) ఉందా, అది ఫేడర్‌కు (హాలులో శబ్దం పెంచి తగ్గించే మీటకు) ముందు నుంచి శబ్దం తీసుకుంటుందా అని తప్పక అడగండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం వద్దు. అందులో శబ్దం ఆలస్యంగా వస్తుంది, పైగా దాని మైకు కూడా వాడితే నాణ్యత ఫోన్ మాటల స్థాయికి పడిపోతుంది.

ల్యాప్‌టాప్ శబ్దాన్ని మిక్సర్ మొదటి ఛానల్‌కు, అనువాదకుని మైకును రెండో ఛానల్‌కు కలపండి. మొదటి ఛానల్ ఆక్స్ నాబ్‌ను తగినంత తిప్పి, రెండో ఛానల్ ఆక్స్ నాబ్‌ను పూర్తిగా సున్నా మీద ఉంచి, ఆక్స్ అవుట్‌ను ఆంప్లిఫయర్ ద్వారా హెడ్‌ఫోన్‌కు ఇవ్వండి. ఇప్పుడు అనువాదకుని చెవిలో శాస్త్రవేత్త ఒక్కరే ఉంటారు. ఆక్స్ ఫేడర్‌కు ముందు నుంచే శబ్దం తీసుకుంటే, హాలులో హిందీని మీరు ఎంత తగ్గించినా అనువాదకునికి ఏ మార్పూ తెలియదు. ఫేడర్ తర్వాత తీసుకునే మిక్సర్ అయితే మీరు హాలులో హిందీ తగ్గించిన ప్రతిసారీ ఆయన చెవిలోనూ తగ్గిపోతుంది.

ల్యాప్‌టాప్ తీగ దగ్గర ఒక చిక్కు ఉంది, దీని వల్ల నేను ఒక పూట పోగొట్టుకున్నాను. ల్యాప్‌టాప్ ఇయర్‌ఫోన్ రంధ్రంలోంచి వచ్చేది ఎడమ, కుడి రెండు శబ్దాలు. రెండు చివర్లా మూడు భాగాల పిన్ను ఉన్న మామూలు స్టీరియో తీగను మిక్సర్‌లోని ఒకే బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో పెడితే, మిక్సర్ ఎడమలోంచి కుడిని తీసివేస్తుంది. మాట రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి అది పూర్తిగా చెరిగిపోయి, వెనకాల సంగీతం మాత్రం పల్చగా మిగులుతుంది. వీడియోలో పాట వినబడుతూ మాట వినబడకపోతే మొదట అనుమానించవలసింది ఈ తీగనే. ఒక వైపు చిన్న స్టీరియో పిన్ను, రెండో వైపు రెండు మోనో పిన్నులు ఉన్న తీగ తెచ్చి ల్యాప్‌టాప్ ఛానల్‌లోని ఎడమ, కుడి ఇన్‌పుట్లలో వేసుకోవాలి. ఛార్జర్ తగిలించినప్పుడు గుయ్‌మని మోత వస్తే, కాసేపు బ్యాటరీ మీద నడిపి చూడండి. మోత ఆగితే అది కరెంటు లైనులోంచి వస్తున్నదే. మధ్యలో ఒక ఐసొలేటర్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే పోతుంది.

అసలు గొంతును పూర్తిగా మూసేయాలా, కొంచెం ఉంచాలా అనే ప్రశ్నకు, వినేవాళ్లను బట్టి నిర్ణయించుకోవాలన్నదే నా జవాబు. పాలమూరులో హిందీ, ఉర్దూ చాలామంది పెద్దవాళ్లకు సగమైనా తెలుసు. అసలు మాట అడుగున సన్నగా వినబడితే వాళ్లు రెండింటినీ సరిచూసుకుంటారు, ఆ ప్రసంగం మీద నమ్మకం కూడా పెరుగుతుంది. ఇంగ్లిషు ప్రసంగమైతే ఇంకా బాగా తగ్గించాలి, ఎందుకంటే అర్థం కాని శబ్దం తెలుగుకు అడ్డం పడడం తప్ప ఏమీ చేయదు. తండాల నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా ఉన్న సభలో లంబాడీలో చెప్పేవారిని కూడా కూర్చోబెట్టగలిగితే మంచిది, కాని వారి మాటలు అదే బాక్సులకు ఇవ్వకుండా వేరే ఫోన్ కాల్‌లోనో హెడ్‌ఫోన్లలోనో వినిపించాలి.

హాలులో వినిపించడంతో పాటు ఇంటర్నెట్‌లో కూడా పంపాలనుకుంటే ఓబీఎస్ అనే ఉచిత ప్రసార సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. ల్యాప్‌టాప్ శబ్దాన్ని ఒక సోర్సుగా, అనువాదకుని మైకును మరో సోర్సుగా చేర్చి, రెండింటి శాంపుల్ రేటు 48 కిలోహెర్ట్‌జ్‌గా ఒకేలా ఉండేటట్లు చూసుకోండి. అసలు శబ్దం మీద కంప్రెసర్ (శబ్దాన్ని అదిమే) ఫిల్టరు వేసి, ఏ శబ్దాన్ని చూసి అదమాలో చెప్పే సైడ్‌చెయిన్ దగ్గర అనువాదకుని మైకును ఎంచుకుంటే, ఆయన మాట్లాడినప్పుడల్లా అసలు గొంతు దానంతటదే తగ్గి, ఆయన ఆగగానే పైకి వస్తుంది. రిలీజ్‌ను, అంటే తగ్గిన శబ్దం తిరిగి పైకి రావడానికి పట్టే సమయాన్ని, 1000 మిల్లీసెకన్ల దగ్గర పెట్టుకోండి. అంతకంటే బాగా తక్కువైతే ప్రతి రెండు మాటల మధ్య శబ్దం ఎగిరెగిరి పడుతూ చెవికి బాధ కలిగిస్తుంది. మీటరులో అనువాదకుని మాట పతాక స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు, ఎర్ర గీత వరకు పోనివ్వకండి.

వీక్షకుడు తనకు నచ్చిన భాష ఎంచుకోవాలంటే యూట్యూబ్‌లో హిందీకి ఒకటి, తెలుగుకు ఒకటి రెండు వేర్వేరు ప్రసారాలు నడపడమే నమ్మకమైన మార్గం. జూమ్‌లో అనువాద ఛానల్ సౌకర్యం ఉంది కాని, దాన్ని ఖాతా సెట్టింగులలో ముందుగా తెరిచి, సమావేశం కుదుర్చుకునేటప్పుడే ఆ సౌకర్యాన్ని ఎంచుకోవాలి. వీడియోను పంచుకునేటప్పుడు శబ్దం పంచుకునే గడిలో టిక్కు పెట్టకపోతే బొమ్మ వెళుతుంది కాని మాట వెళ్లదు.

అనువాదకుణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలనేది కూడా ఆడియో విషయమే. రైతు వేదిక గోడలు కాంక్రీటు, పైకప్పు ఎత్తు, గొంతు గోడలకు తగిలి తిరిగి వస్తుంది. పక్క గదిలో నేల మీద జంపఖానా పరిచి, తలుపుకు దుప్పటి వేలాడదీసి, మైకు మీదికి గాలి వచ్చే ఫ్యాను ఆపి కూర్చోబెడితే ఆయన మాట స్పష్టంగా అందుతుంది. తెర ఆయనకు కనబడాలి, ఎందుకంటే ఆకు మీద మచ్చను చూపిస్తూ వక్త "ఇది" అంటే, చూడనివాడు దేన్ని గురించి చెప్పగలడు?

నాజీ నాయకుల మీద 1945లో మొదలైన నూరెంబర్గ్ విచారణలో మాట్లాడేవారి ముందు ఒక పసుపు బల్బు ఉండేది, అది వెలిగితే వారు నెమ్మదించేవారు. ప్రసారం చేస్తున్న వక్తకు మన బల్బు కనబడదు కాబట్టి, ముందే చేయగలిగిన సాయం అంతా అనువాదకునికి చేయాలి. తిక్క ఆకుమచ్చ, మొవ్వకుళ్లు వంటి మాటల జాబితాను ఏఈఓతో (వ్యవసాయ విస్తరణాధికారితో) కూర్చుని ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. వేరుశనగ అని రాయకుండా పల్లి అని, మొక్కజొన్న అని రాయకుండా మక్క అని రాయండి, వినేవాళ్లు వాడే మాట అదే. ఒక్క మనిషి 20, 30 నిమిషాలకు మించి నాణ్యంగా చెప్పలేరు, కాబట్టి ఇద్దరు ఉండాలి. ఇద్దరికీ వేర్వేరు మైకులు పెట్టి, రెండో వ్యక్తి తన మైకు తెరిచి వాక్యం మొదలుపెట్టిన తర్వాతే మొదటి వ్యక్తి తన మైకు మూసే అలవాటు చేయించండి.