డ్రోసెరా బర్మన్నీకి బంక రావడం లేదా? ఆకులు నల్లబడుతున్నాయా?

పురుగులను పట్టి తినే మొక్క డ్రోసెరా బర్మన్నీ పూర్తిగా ఎదిగినా రూపాయి బిళ్ళంతే ఉంటుంది. నేలకు అతుక్కుని గుండ్రంగా పరుచుకున్న ఆకులు, వాటి నిండా కేశాలు, కేశాల కొసన మెరిసే బంక చుక్కలు. మన దేశం నుంచి ఆగ్నేయాసియా మీదుగా ఆస్ట్రేలియా దాకా తడి ఇసుక నేలల్లో పెరుగుతుంది. ఆంధ్ర, తెలంగాణ రెండింటిలోనూ వానలు పడ్డాక ఊట నేలల్లో కనిపిస్తుంది. ఆ నేలల్లో నత్రజని, భాస్వరం చాలా తక్కువ. ఆ లోటు తీర్చుకోవడానికే పురుగులను పడుతుంది. కుండీలో దీనికి వచ్చే కష్టాలు చాలావరకు ఈ సంగతి మరిచి, గులాబీ మొక్కను సాకినట్టు సాకడం వల్లే వస్తాయి.

ఆకుల మీద బంక లేదు

ముందు మొక్క వచ్చి ఎన్నాళ్ళైందో చూసుకోండి. కొరియర్‌లో వచ్చినా, చోటు మార్చినా బంక ఆరిపోవడం మామూలే. పది పదిహేను రోజులు కదపకుండా ఉంచండి. గట్టి వాన కడిగేసినా ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ ఊరుతుంది. పాత ఆకులను చూసి టెన్షన్ పడొద్దు, నడిమధ్య నుంచి వచ్చే లేత ఆకును గమనించండి.

నెల దాటినా లేత ఆకు పొడిగానే ఉండి, కాడ సాగుతోందంటే వెలుతురు చాలడం లేదు. రోజుకు నాలుగైదు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. అలాగని నీడలో ఉన్నదాన్ని ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టకండి. పొద్దుటి ఎండతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో అలవాటు చేయండి. ఎండ సరిపోతే ఆకులు ఎర్రబడతాయంటారు కానీ, కొన్ని మొక్కలు ఎండలోనూ పచ్చగానే ఉంటాయి. రంగు కన్నా బంకే నమ్మదగిన గుర్తు.

ఆకులు కొసల నుంచి నల్లబడుతున్నాయి, మట్టి మీద తెల్లటి పొర

నీళ్ళే కారణం. నా మొదటి కుండీ ఇలాగే పోయింది. నిష్ఠగా రోజూ బోరు నీళ్ళు పోశాను. కొన్ని వారాలకు కుండీ అంచున తెల్లగా ఏదో పేరుకుంది, గోటితో గీరితే సున్నంలా పొడి రాలింది. అప్పటికి లేత ఆకు కూడా నల్లబడింది.

నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కోండి. దాని మీద 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) లోపు చూపిస్తే మంచిది. వాన నీళ్ళను మించినవి లేవు, మేడ మీద శుభ్రమైన బకెట్లు పెట్టి పట్టుకోండి. ఇంట్లో ఆర్వో ఉన్నా కొలవాల్సిందే, ఎందుకంటే చాలా మెషిన్లు రుచి కోసం ఖనిజాలను మళ్ళీ కలుపుతాయి. ఆర్వో నుంచి బయటికి పోయే వృథా నీళ్ళు మాత్రం అసలు వద్దు, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ.

ఉప్పు కొద్దిగానే పట్టి ఉంటే వాన నీళ్ళలాంటి లవణాలు తక్కువున్న నీళ్ళు పైనుంచి మెల్లగా మూడు నాలుగు సార్లు పోసి, కింద కారిందంతా పారబోయండి. బాగా పట్టి ఉంటే కుండీలోని మట్టి మిశ్రమం మార్చాలి. వేళ్ళు సన్నవి, పట్టి లాగితే తెగుతాయి. చెంచాతో మట్టి ముద్దతో సహా ఎత్తండి. ఆ తర్వాత పళ్ళెంలో ఒక సెంటీమీటరు నీళ్ళు ఎప్పుడూ నిలిచేలా చూసుకుంటే చాలు.

మొక్క మెత్తబడి కుళ్ళిపోతోంది

ఎర్రమట్టి, పశువుల ఎరువు, వర్మీకంపోస్టు... వీటిలో ఏది వేసి ఉన్నా కారణం అదే. పీట్ మాస్ (చిత్తడి నేలల్లో పేరుకున్న పాత నాచు), బాగా కడిగిన ముతక ఇసుక సమపాళ్ళలో కలిపి అందులో నాటండి. సముద్రపు ఇసుక వద్దు. కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టులో) ఉప్పు ఉంటుంది, అది తప్ప దొరక్కపోతే చాలాసార్లు నానబెట్టి పిండి వాడండి.

ఆకు మీద బూజు

మాంసం ముక్కలో, అన్నం మెతుకులో, పెద్ద పురుగులో పెట్టి ఉంటారు. ఆకు అరిగించుకోలేనిది అక్కడే కుళ్ళుతుంది. ఆ ఆకును కత్తిరించేయండి. బయట పెట్టిన మొక్క తన తిండి తానే చూసుకుంటుంది. పెట్టాలనే ఉంటే అరటిపండు మీద ముసిరే బుల్లి ఈగ ఒక్కటి చాలు.

అది పడ్డప్పుడు భూతద్దంతో చూడండి. ఈగ బంకకు అంటుకుని కాలు విదిలిస్తుంది. ఆకు అంచున బంక లేని పొడుగాటి కేశాలు కొన్ని ఉంటాయి. అవి కొన్ని సెకన్లలోనే లోపలికి మడుచుకుని ఈగను నడిమికి తోసేస్తాయి. డ్రోసెరాల్లో చాలావాటికి ఈ పనికి నిమిషాలు, ఒక్కోసారి గంటలు పడుతుంది. ఈ వేగం చూసి పుల్లతో పొడవాలనిపిస్తుంది, పిల్లలకైతే మరీను. పొడవకండి. తిండి దొరక్కుండా మొక్క శక్తి ఖర్చవుతుంది.

పూసింది, తర్వాత ఎండిపోయింది

ఇది జబ్బు కాదు. ఇది ఎక్కువగా ఏడాదిలోపే ముగిసే మొక్క. బయట వానలకు మొలిచి, పూసి, గింజ రాల్చి, ఎండలు ముదిరేసరికి పోతుంది. నీళ్ళు ఎక్కువ పోసి బతికించాలని చూడకండి, గింజలు దాచుకోండి. తెల్లటి చిన్న పూలు తమంతట తామే పరాగసంపర్కం చేసుకుంటాయి. పూకాడ గోధుమరంగుకు తిరిగాక కింద తెల్ల కాగితం పరిచి మెల్లగా తడితే నల్లటి నలుసులు రాలుతాయి. అవే గింజలు. అడవిలో కనిపించిన మొక్కను పీకి తెచ్చుకోవద్దు, ఇంటికొచ్చేసరికి చాలావరకు చస్తుంది, అక్కడ రాలాల్సిన గింజలూ పోతాయి.

గింజలు మొలవలేదు

పైన మట్టి కప్పి ఉంటారు. వీటికి వెలుతురు తగలాలి. తడి మిశ్రమం మీద చల్లి వదిలేయండి, పైనుంచి నీళ్ళు చిలకరించకండి, కొట్టుకుపోతాయి. పారదర్శకమైన డబ్బా బోర్లించి వెలుతురులో పెడితే మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తాయి. మొలక సూది మొనంతే ఉంటుంది, నాచు అనుకుని తీసేయకండి. భూతద్దంలో చూస్తే ఆ బుల్లి ఆకుల మీద కూడా బంక చుక్కలు కనిపిస్తాయి.