మూత తీయకముందే తేలాల్సినవి: ప్రమాదకర రసాయనాలతో పనిచేసే పద్ధతి

రసాయనాలతో పని అనగానే చాలామంది చేయి ముందు గ్లౌజుల డబ్బా మీదికి పోతుంది. నిజానికి గ్లౌజులు వరసలో చివర వస్తాయి. ఈ పదార్థం లేకుండా పని అవుతుందా, కాకపోతే ఇంతకంటే తక్కువ ముప్పున్న సరుకేదైనా ఉందా, మూసిన పాత్రలోనో పొగలు లాగే హుడ్డు కిందో చేయొచ్చా, ఎంతమంది ఎంతసేపు దగ్గరుండాలి అన్నవి తేలాకే ఒంటిమీద ఏం వేసుకోవాలన్న ప్రశ్న. పొగ పుట్టేచోటే లాగేసే ఫ్యాను గదిలో ఉన్న అందరినీ కాపాడుతుంది. గ్లౌజు వేసుకున్నవాళ్లనే కాపాడుతుంది, అదీ చిరగనంతవరకే.

చాలాసార్లు చిన్న మార్పే సరిపోతుంది. 98 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ తెచ్చి పలచన చేసుకునే బదులు కావలసిన గాఢతలోనే కొనండి. పొడిగా వచ్చే సరుకు గుళికలుగానో ముద్దగానో దొరికితే అదే తీసుకోండి, దుమ్ము లేవదు. స్ప్రే కొట్టే చోట బ్రష్షుతో పని అవుతుందేమో చూడండి. 25 లీటర్ల క్యాన్ బెంచీ పక్కన పెట్టుకోకుండా ఆ పూటకు సరిపడా లీటరు తెచ్చుకోండి. ఒలికినా ఒలికేది లీటరే.

షీటులో ఎక్కడ చూడాలి

ప్రతి రసాయనానికీ సరఫరాదారు సేఫ్టీ డేటా షీటు ఇవ్వాలి. అందులో 16 భాగాలుంటాయి. మొదటి నుంచి చివరిదాకా చదవమంటే ఎవరూ చదవరు, కాబట్టి ఈ వరసలో చూడండి: 2వ భాగంలో ఏం హాని చేస్తుందో, 8లో గాలిలో ఎంతవరకు ఉండొచ్చో, ఏం తొడుక్కోవాలో, 10లో దేనితో కలవకూడదో, 7లో ఎలా నిల్వ చేయాలో ఉంటాయి. ఒలికితే చేయాల్సింది 6లో, ప్రథమ చికిత్స 4లో. ఈ రెండూ పని మొదలుపెట్టకముందే చదవాలి, ఒలికాక వెతుక్కునేంత తీరిక ఉండదు.

8వ భాగంలో 'తగిన గ్లౌజులు వాడండి' అని రాసి వదిలేసే షీట్లు చాలా ఉన్నాయి. ఆ మాట దేనికీ పనికిరాదు. గ్లౌజు ఏ పదార్థంతో చేసింది, మందమెంత, రసాయనం లోపలికి దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది, ఈ మూడూ సరఫరాదారును అడిగి తెలుసుకోండి. ఒకే పేరున్నా గాఢత మారితే షీటు మారుతుంది, పాత షీటుతో సరిపెట్టుకోవద్దు.

పనిలోంచే పుట్టే ప్రమాదాలకు షీటూ ఉండదు, లేబులూ ఉండదు. రాయి కోస్తే లేచే సిలికా దుమ్ము, చెక్క కోస్తే లేచే పొట్టు, డీజిల్ ఇంజిన్ పొగ, వెల్డింగ్ పొగ అన్నీ ఈ కోవలోవే. క్లోరిన్ ఉన్న సాల్వెంట్‌తో (జిడ్డును కరిగించే ద్రవంతో) తుడిచిన లోహం ఆరకముందే దాని మీదో పక్కనో వెల్డింగ్ చేస్తే, ఆ ఆవిరి వేడికి విడిపోయి ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. సాల్వెంట్ షీటు, వెల్డింగ్ సూచనలు వేర్వేరుగా చదివితే ఇది కనిపించదు.

లేబుల్ మీద ఎర్ర అంచు డైమండ్లలో రెండింటిని జనం తరచూ ఒకటే అనుకుంటారు. ఉత్త మంట బొమ్మ ఉంటే మండేది ఆ సరుకే. గుండ్రని వలయం మీద మంట ఉంటే తాను మండకపోయినా పక్కనున్నదాన్ని భగ్గుమనిపిస్తుంది. 'రెండూ మంటవేగా' అని ఒకే బీరువాలో పెడితే ఇంధనాన్నీ ఆక్సిజన్ ఇచ్చేదాన్నీ పక్కపక్కన చేర్చినట్టే. ఛాతీలో నక్షత్రంలా పగిలిన మనిషి బొమ్మను కూడా పట్టించుకోరు, ఎందుకంటే ఇవాళ ఏమీ కాదు. కేన్సర్, ఊపిరితిత్తుల జబ్బు, సంతానలేమి వంటి ఏళ్ల తర్వాత బయటపడే హానికి అది గుర్తు.

పెద్ద డబ్బాలోంచి చిన్న సీసాలోకి ఒంపిన మరుక్షణం దాని మీద పేరు, గాఢత, ప్రమాద గుర్తు, తేదీ రాయాలి. మంచినీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో ఎన్నడూ పోయకండి, 'ఐదు నిమిషాలకేగా' అనుకున్నా సరే.

ముక్కును నమ్మొద్దు

కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే లేదు. మురుగు గుంటల్లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువ మోతాదులో కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. గాలిలో 100 పీపీఎం (పది లక్షల వంతుల్లో వంద వంతులు) దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి కంపు తెలియడం మానేస్తుంది. వాసన పోయింది కదా అని లోపలికి దిగితే అసలు ముప్పు అప్పుడే. బెంజీన్ అయితే, వాసన తగిలేసరికే అనుమతించిన పరిమితి దాటిపోయి ఉండొచ్చు. కొలవాలంటే మీటరు కావాలి.

సాల్వెంట్ ఆవిర్లు దాదాపు అన్నీ గాలికంటే బరువు. టాల్యూన్ ఆవిరి మూడు రెట్లు బరువుంటుంది, నేల వెంట పాకి గుంటల్లో, కాలువల్లో నిలుస్తుంది. అందుకే మంట మీరున్నచోట కాక దూరంగా ఉన్న మోటారు దగ్గర మొదలై వెనక్కి పరుగెత్తుకొస్తుంది. ఎంత తొందరగా అంటుకుంటుందో షీటు 9వ భాగంలోని ఫ్లాష్ పాయింట్ చెబుతుంది, అంటే నిప్పురవ్వకు అంటుకునేంత ఆవిరి పుట్టే కనీస ఉష్ణోగ్రత. అసిటోన్‌కు అది మైనస్ 20 డిగ్రీల సెల్సియస్, టాల్యూన్‌కు 4 డిగ్రీలు. అంటే మామూలు గది వేడిలో ఈ రెండింటి మూత తీస్తే పైనున్న గాలి నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తున్నట్టే లెక్క.

పొగలు లాగే హుడ్డు ముందు సన్నటి టిష్యూ కాగితం పట్టుకుని చూడండి, లోపలికి వాలాలి. వాలకపోతే పని మొదలుపెట్టొద్దు. పాత్రను అంచు నుంచి కనీసం 15 సెంటీమీటర్లు లోపల పెట్టండి, అద్దం వీలైనంత కిందికి దించండి. హుడ్డును సీసాల గూడుగా మారిస్తే గాలి వాటి చుట్టూ సుడి తిరిగి బయటికి తన్నుతుంది. గొట్టంతో లాగే చోట అయితే పొగకూ గొట్టానికీ మధ్య మీ తల రాకూడదు. ఇది చెప్పనక్కర్లేనిదిలా ఉంటుంది, కానీ వంగి పనిచేసేవాళ్లు రోజూ చేసే పొరపాటు ఇదే.

ఒంపేటప్పుడు, కలిపేటప్పుడు

యాసిడ్ పలచన చేయక తప్పదనుకుంటే ఇలా చేయండి:

1. గాగుల్స్ పెట్టుకుని, వాటిపైన ఫేస్ షీల్డ్, మోచేతి దాకా గ్లౌజులు, ఏప్రాన్ వేసుకోండి. మామూలు కళ్లజోడు పక్కల నుంచి చిమ్మేదాన్ని ఆపదు. పక్కన ఇంకొకరు ఉండాలి.
2. యాసిడ్‌కు తట్టుకునే పాత్రలో ముందు చల్లని నీళ్లు కొలిచి పోయండి. అంతా కలిపాక కూడా మూడింట రెండొంతులు దాటకూడదు. ఆ పాత్రను చన్నీళ్ల తొట్టిలో ఉంచండి.
3. యాసిడ్‌ను సన్నని ధారగా, కలుపుతూ పోయండి. సల్ఫ్యూరిక్ యాసిడ్ సాంద్రత 1.84, నీటికంటే బాగా బరువు. కలపకపోతే అడుగున పేరుకుని, తర్వాత కదిపినప్పుడు ఒక్కసారిగా వేడెక్కి పొంగుతుంది.
4. థర్మామీటరు చూస్తూ ఉండండి. 50 డిగ్రీలు దాటితే ఆగి, చల్లారాకే మిగతాది పోయండి.
5. సీసా మెడమీది చుక్క తుడిచి మూత పెట్టండి. తర్వాత ఉత్త చేత్తో ఆ సీసా పట్టుకునే మనిషికి కాలేది ఆ చుక్కతోనే.

యాసిడ్‌లో నీళ్లు పోస్తే ఆ కాసిని నీళ్లు పైనే తేలి, తాకిన క్షణంలోనే మరిగి యాసిడ్‌ను ముఖం మీదికి చిమ్ముతాయి. కాస్టిక్ సోడా పలుకులకూ ఇదే నియమం: చల్లని నీళ్లలో కొంచెం కొంచెంగా వేయాలి, వేడినీళ్లలో వద్దు. అల్యూమినియం పాత్ర అసలు పనికిరాదు, కాస్టిక్ దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువు పుట్టిస్తుంది.

మండే సాల్వెంట్‌ను డ్రమ్ములోంచి డబ్బాలోకి దించేటప్పుడు ప్రవాహానికే స్థిర విద్యుత్తు పుడుతుంది. రెండూ లోహపువే వాడి, తీగతో ఒకదానికొకటి కలిపి, డ్రమ్మును ఎర్తుకు తగిలించాలి. క్లిప్పు పెయింటు మీద పెడితే పెట్టనట్టే, లోహం కనిపించేదాకా గీకండి. క్లిప్పులు తగిలించాకే మూత తీయాలి, మూత వేశాకే క్లిప్పులు తీయాలి. పైనుంచి ధారగా కాకుండా గొట్టం డబ్బా అడుగుదాకా పెట్టి మెల్లగా దించండి.

శుభ్రపరిచే సరుకులను అందరూ తేలిగ్గా చూస్తారు. బ్లీచ్‌లో టాయిలెట్ యాసిడ్ కలిస్తే క్లోరిన్ వస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్ కలిస్తే క్లోరమిన్లు వస్తాయి. రెండూ ఊపిరితిత్తులను కాలుస్తాయి. ఒకదానితో మరక పోలేదని దానిమీదే రెండోది పోయడం వల్ల జరిగేది ఇది.

గ్లౌజు, మాస్కు

'కెమికల్ గ్లౌజు' అని ఒకే రకం లేదు. నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు నూనెలకు, డీజిల్‌కు, హెక్సేన్‌కు బాగా పనిచేస్తుంది. సన్నటి నైట్రైల్‌లోంచి అసిటోన్ నిమిషాల్లో దిగిపోతుంది, దానికి బ్యూటైల్ రబ్బరు కావాలి. పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) గ్లౌజు టాల్యూన్‌ను ఆపుతుంది కానీ నీళ్లు తగిలితే పాడవుతుంది. దిగిపోయే రసాయనం చిల్లు చేయదు, రంగు మార్చదు, పైకి ఏమీ తెలియదు. 1996లో డార్ట్‌మత్ కాలేజీ రసాయన శాస్త్రవేత్త కరెన్ వెటర్‌హాన్ లేటెక్స్ గ్లౌజు మీద డైమిథైల్ మెర్క్యురీ చుక్కలు పడ్డాయి. మరుసటి ఏడాది ఆమె పాదరస విషంతో చనిపోయారు. ఆ రసాయనం అలాంటి గ్లౌజులోంచి 15 సెకన్లలోపే దిగుతుందని తర్వాతి పరీక్షల్లో తేలింది. లోపలికి దిగిన రసాయనం గ్లౌజుకూ చర్మానికీ మధ్య చిక్కుకుని ఆరకుండా ఉంటుంది కాబట్టి, తప్పు గ్లౌజు ఉత్త చేతికంటే ఎక్కువ హాని చేసే సందర్భాలున్నాయి. తోలు గ్లౌజు ద్రవాన్ని పీల్చుకుంటుంది, రసాయనాలకు వద్దు.

దుమ్ము ఆపే మాస్కు ఆవిరిని ఆపదు. ఆవిరికి కార్బన్ కార్ట్రిడ్జి (మాస్కుకు బిగించే, బొగ్గు నింపిన డబ్బీ) కావాలి, అదీ ఆ ఆవిరికి సరిపడేదే. గడ్డం రెండు రోజులు పెరిగినా అంచు దగ్గర సందులు ఏర్పడతాయి. పెట్టుకున్న ప్రతిసారీ కార్ట్రిడ్జిలను అరచేతులతో మూసి గాలి పీల్చండి, మాస్కు ముఖానికి అతుక్కుని అలాగే ఉండాలి. ప్యాకెట్ విప్పిన కార్ట్రిడ్జిని హుక్కుకు వేలాడదీస్తే గదిలోని ఆవిర్లను పీల్చుకుంటూనే ఉంటుంది. విప్పిన తేదీ రాసి, బిగుతుగా మూసే సంచిలో పెట్టండి.

కార్ట్రిడ్జి ఆక్సిజన్ పుట్టించదు. మామూలు గాలిలో అది 20.9 శాతం, 19.5కంటే తగ్గితే కార్ట్రిడ్జి మాస్కుతో లోపలికి పోకూడదు. ట్యాంకులు, బావులు, మ్యాన్‌హోళ్లలో పైనా మధ్యలో అడుగునా కొలవాలి, లోపల మనిషి ఉన్నంతసేపూ మీటరు నడుస్తూనే ఉండాలి. లోపల పడిపోయినవారి కోసం వెంటనే దిగినవారు కూడా వారి పక్కనే కూలిపోతారు. పైకి లాగే తాడు, హార్నెస్ (ఒంటికి బిగించే పట్టీలు) ముందే తగిలించి ఉంటే ఎవరూ దిగకుండానే లాగొచ్చు.

ఖాళీ డ్రమ్ము, తుడిచిన గుడ్డ

పూర్తిగా నిండిన డ్రమ్ములో గాలికి చోటుండదు. ఖాళీ అయినదాంట్లో అడుగున మిగిలిన కాస్త సాల్వెంట్ ఆవిరై లోపలి గాలితో కలిసి ఉంటుంది. దాన్ని కట్టర్‌తో కోసినా, వెల్డింగ్ చేసినా పేలవచ్చు. నీళ్లతో ఒకసారి కడిగితే సరిపోదు. ఇలాంటి డ్రమ్ములను కోయకుండా వెనక్కి పంపడమే మంచిది. అవిసె నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా పడేస్తే నిప్పు లేకుండానే వేడెక్కి అంటుకుంటాయి. వాటిని మూత ఉన్న లోహపు డబ్బాలో నీళ్లలో ముంచి పెట్టండి.

వ్యర్థాల సీసాలోకి చేతికందిందల్లా పోయకండి. నైట్రిక్ యాసిడ్ వ్యర్థంలో కాస్త ఆల్కహాల్ పడినా వాయువు పుట్టి, బిగించిన సీసా గంటల తర్వాత పగలొచ్చు. అంచుదాకా నింపొద్దు, ఐదింట ఒక వంతు ఖాళీ వదలండి.

ఒలికితే, ఒంటిమీద పడితే

ఒలికింది ఏమిటో తెలియకపోయినా, పొగలు వస్తున్నా, ఒలికినదాన్ని పీల్చుకోవడానికి మీ దగ్గరున్న సరుకుకు మించి ఉన్నా తుడిచే ప్రయత్నం చేయకండి. అందరినీ బయటికి పంపి తలుపు మూయండి. కొద్దిగా అయితే చుట్టూ గట్టుకట్టి, బయటి అంచు నుంచి లోపలికి పీల్పించండి. యాసిడ్ మీద తినే సోడా కొంచెం కొంచెంగా చల్లండి, నురగ ఆగేదాకా. నైట్రిక్ యాసిడ్, పెరాక్సైడ్‌ల మీద రంపపు పొట్టు వేయొద్దు, అంటుకుంటుంది.

ఒంటిమీద పడితే విరుగుడు వెతకకండి. చర్మం మీద యాసిడ్‌ను క్షారంతో సమం చేయబోతే పుట్టే వేడి ఇంకా కాలుస్తుంది. తడిసిన బట్టలు విప్పేస్తూ కనీసం 15 నిమిషాలు నీళ్ల కింద ఉండాలి. పొడి సున్నం పడితే మాత్రం ముందు దులిపి, తర్వాత ఎక్కువ నీళ్లతో కడగాలి. కంట్లో పడితే రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని అంతసేపూ కడగండి. కాస్టిక్ లాంటి క్షారం కంటిలోకి యాసిడ్‌కంటే లోతుగా దిగుతుంది కాబట్టి దానికి ఇంకా ఎక్కువసేపు. కళ్లు కడిగే నల్లా ఎంత దూరంలో ఉందంటే, కళ్లు మూసుకుని కూడా 10 సెకన్లలో చేరుకోగలగాలి. నీళ్లు 16 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి. మరీ చల్లగా ఉంటే 15 నిమిషాలు ఎవరూ నిలబడలేరు. వారానికోసారి విప్పి వదలండి, లేకపోతే అవసరమైన రోజున కంట్లోకి వచ్చేది తుప్పునీళ్లు.

హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పలచగా ఉంటే గంటల దాకా నొప్పి తెలియకపోవచ్చు. ఈలోగా అది లోపల కాల్షియాన్ని పట్టేస్తుంది. అది వాడే చోట 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా ఉండాలి, గడువు తేదీ దాటకూడదు. కడిగి, జెల్ రుద్ది, నొప్పి లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి.

మింగితే వాంతి చేయించకండి. ఏ రసాయనమైనా బాధితుడితోపాటు సేఫ్టీ డేటా షీటు ప్రింటు ఆసుపత్రికి పంపండి. ఫోన్లో ఫొటో ఉంటే చాలదు, ఆ ఫోను చాలాసార్లు రసాయనం పడ్డ చొక్కా జేబులోనే ఉండిపోతుంది.