పాత ఇంట్లో పాదరసం లైట్ స్విచ్‌ని గుర్తుపట్టడం ఎలా?

న్యూజెర్సీలాంటి చోట్ల పాత ఇళ్లు కొంటున్న మనవాళ్లు వంటింటి టైల్స్ చూస్తారు, స్విచ్‌లు చూడరు. అమెరికాలో 1991కి ముందు తయారైన చప్పుడు చేయని గోడ స్విచ్‌లలో కొన్నింటిలో పాదరసం ఉంటుంది. ఒక్కో స్విచ్‌లో జ్వరం చూసే థర్మామీటర్‌లో కన్నా ఎక్కువే.

కావలసినవి: స్క్రూడ్రైవర్, టార్చ్, కరెంటు టెస్టర్.

1. టీవీ, ఏసీ ఆపేసి స్విచ్‌ని బాగా మెల్లగా పైకీ కిందికీ కదపండి. మామూలుది టక్కుమంటుంది. పాదరసంది చప్పుడు చేయదు, మధ్యలో స్ప్రింగ్ అడ్డు కూడా తగలదు. ఠపీమని కొట్టి చూస్తే ఏమీ తెలియదు.

2. ఆ గది బ్రేకర్ ఆపండి. ప్యానెల్ మీద ఎవరో పెన్సిల్‌తో రాసిన పేర్లను నమ్మకండి. టెస్టర్‌ని ముందు కరెంటున్న ప్లగ్‌లో పెట్టి, పనిచేస్తోందని చూసుకున్నాకే స్విచ్ దగ్గర వాడండి.

3. పైప్లేటు తీయండి. లోపల స్విచ్‌ని పట్టి ఉంచే ఇనుప పట్టీ పైకొసన 'టాప్' అని ఇంగ్లీషులో ఉందేమో టార్చ్ వేసి చూడండి. పాదరసం జారితేనే కరెంటు కలుస్తుంది, విడిపోతుంది. అందుకే తలకిందులుగా బిగిస్తే సరిగ్గా పనిచేయదు. మామూలు స్విచ్‌ల మీదా కొన్నిసార్లు ఈ మాట ఉంటుంది కాబట్టి చప్పుడు లేకపోవడం, ఈ గుర్తు రెండూ కలిస్తేనే పాదరసం అనుకోండి.

ఇక్కడే ఆగాలి. చాలామంది ఇక్కడే చెడగొడతారు. స్విచ్‌ని బయటికి లాగి, తిప్పి చూసి, అదీ చాలక స్క్రూడ్రైవర్‌తో పగలగొట్టి 'కన్ఫర్మ్' చేసుకుంటారు. పాత వైర్ల తొడుగు ఎండిపోయి ఉంటుంది, లాగితే పెళుసుగా రాలుతుంది. లోపల బొత్తాం అంత బిళ్ల ఉంటుంది, పాదరసం అందులోనే. అది పగిలితే పూసలు కార్పెట్‌లోకి దూరతాయి. ఆవిరికి వాసన ఉండదు కాబట్టి పీలుస్తున్నట్టు కూడా తెలియదు.

ఒకవేళ పగిలిందా? పిల్లల్ని, కుక్కల్ని బయటికి పంపండి, కిటికీలు తెరవండి, హీటింగ్ ఆపండి. చీపురు, వాక్యూమ్ ముట్టుకోవద్దు, వాటితో ఇంకా చెదురుతుంది. స్థానిక ఆరోగ్య శాఖకు ఫోన్ చేసి వాళ్లు చెప్పినట్టు చేయండి.

బిళ్ల బాగున్నంత కాలం గోడలో ఉన్న స్విచ్‌తో భయం లేదు. నన్నడిగితే ఇల్లు రీమోడల్ చేసేదాకా కదపకూడదు. తీయించేది మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే. తీసినదాన్ని పగలకుండా జిప్ కవర్‌లో పెట్టి, చెత్తబుట్టలో వేయకుండా, కౌంటీవాళ్లు ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. చాలాచోట్ల కొన్ని రోజులే తీసుకుంటారు, ముందే కనుక్కోండి.