నల్లని చెక్క మీదికీ, లోహం మీదికీ నమూనా దించే విధానం

లేతరంగు చెక్క మీద నమూనా దించడానికి మామూలు కార్బన్ కాగితం, పెన్సిలు చాలు. అదే పనిని రోజ్‌వుడ్ పలక మీదో, నలుపెక్కిన ఇత్తడి రేకు మీదో చేస్తే గీత పడుతుంది గానీ కంటికి ఆనదు. అందుకు మార్గాలు రెండు. నల్లని తలం మీద తెల్లని గీత వేయడం ఒకటి, తలాన్నే తాత్కాలికంగా తెల్లబరచి దానిపై నల్లని గీత వేయడం మరొకటి. చెక్కకు మొదటిదీ, లోహానికి రెండోదీ మేలని నా అభిప్రాయం. చెక్క రంధ్రాల్లోకి దిగిన తెలుపును తీయడం చాలా కష్టం, లోహం మీది తెలుపు నీటితో కడిగితే పోతుంది.

చెక్క మీద చిన్న నమూనా అయితే, కాగితం వెనుకవైపు బడిలో వాడే తెల్ల సుద్దముక్కను సమంగా రుద్ది, అదనపు పొడిని దులిపి, పలక మీద పరచి ఒక అంచున టేపు వేయాలి. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గీతల వెంట నడిపిస్తే సుద్ద కింద దిగుతుంది. టేపు ఒక్క అంచుకే ఉండడం వల్ల మధ్యమధ్యలో కాగితం ఎత్తి చూసుకోవచ్చు, తిరిగి దించితే అది యథాస్థానంలోనే కూర్చుంటుంది. గట్టిగా ఒత్తితే మెత్తని చెక్కపై గాడి పడుతుందన్నది మరవకూడదు.

తలుపు పలకల వంటి పెద్ద పనికీ, ఒకే లతను పదిసార్లు దించవలసిన పనికీ చిల్లుల కాగితానికి మించినది లేదు. మగ్గం వర్కు చేసేవారు ముదురురంగు పట్టు మీద డిజైను దించేది ఈ విధంగానే. ట్రేసింగ్ కాగితం మీద గీసిన నమూనాను మడతపెట్టిన దుప్పటిపై పరచి, సూదిని నిలువుగా పట్టుకొని, గీత పొడవునా సుమారు 2 మిల్లీమీటర్లకొక చిల్లు పొడవాలి. పద్మం, కలశం వంటి రెండు వైపులా ఒకేలా ఉండే నమూనాలను మధ్యగీత వద్ద మడిచి పొడిస్తే రెండు సగాలూ అచ్చంగా సరిపోతాయి. కంటి అంచనాతో గీసిన రెండో సగానికి ఆ పొందిక రాదు. చిల్లుల వెనుక లేచిన గరుకును సన్నని ఎమరీ కాగితంతో తేలికగా రుద్దకపోతే పొడి కిందికి దిగదు.

సుద్దపొడిని పలుచని గుడ్డలో జల్లించి, నూలుగుడ్డలో చిన్న మూటగా కట్టి, చిల్లుల మీద మెల్లగా తడుతూ, గుండ్రంగా రుద్దుతూ పోవాలి. మగ్గం పనివారు పొడిని కిరసనాయిలులో కలిపి రాస్తారు. పాలిష్ పట్టని చెక్కకు ఆ జిడ్డు మరక పెడుతుంది కనుక ఇక్కడ పొడిగానే వాడాలి. తడి సున్నం అసలే వద్దు. చేవలో టానిన్ అనే వగరు పదార్థం ఉన్న చెక్క సున్నానికి మరింత నలుపెక్కుతుంది. ఇలా దిగిన చుక్కలు ఊపిరి తగిలినా చెదురుతాయి, కాబట్టి కాగితం తీసిన వెంటనే తెల్ల పెన్సిలుతో కలుపుకోవాలి. చెక్కడం పూర్తయ్యాక మిగిలిన సుద్దను పొడి కుంచెతోనే దులపాలి. తడిగుడ్డతో తుడిస్తే అది రంధ్రాల్లో ఇరుక్కొని పాలిష్ కింద బూడిదరంగు మచ్చగా మిగులుతుంది.

లోహం విషయంలో పని సగం శుభ్రతలోనే ఉంది. వేలిముద్ర జిడ్డు ఉన్నచోట రంగు పట్టదు. సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి, స్పిరిట్‌తో తుడవాలి. నలుపును అలాగే ఉంచదలిస్తే చింతపండు తగలనీయకూడదు, అందులోని పులుపు ఆ నలుపును తీసేస్తుంది. తర్వాత తెల్లని పోస్టర్ రంగును పలుచగా పూసి, ఆరాక, దానిపై కార్బన్ కాగితంతో నమూనా దించి, ఉక్కుముల్లుతో గీతల వెంట లోహాన్ని సన్నగా గీకి, తెలుపును కడిగేయాలి. గీకినచోట లోహపు అసలు మెరుపు బయటపడుతుంది.

రంగు పూయకుండానే ఈ మెరుపును రాబట్టే మార్గం మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్). శుభ్రంగా రుద్దిన ఇనుప రేకు మీద దాని ద్రావణం పూస్తే సన్నని రాగిపొర ఏర్పడుతుంది, గీసిన గీత దానిపై తెల్లగా కనిపిస్తుంది. కర్ణాటకలోని బీదరులో వెండి పొదిగే పనివారు జింకు, రాగి కలిపి పోసిన పాత్రకు ఇదే మైలుతుత్తం రుద్ది తాత్కాలికంగా నల్లబరుస్తారు. ఆ నలుపు మీద ముల్లుతో లతలను చేత్తోనే గీస్తారు, వెండి తీగ పొదగడం ఆ తర్వాతి పని. చివరన కనిపించే శాశ్వతమైన నలుపు మాత్రం బీదరు కోటలోని మట్టి, నవాసాగరం (అమోనియం క్లోరైడ్) కలిపి కాచిన నీటివల్ల వచ్చేది. మైలుతుత్తం విషపదార్థం కాబట్టి చేతికి తొడుగులు వేసుకోవాలి, వంటపాత్రలను ఈ పనికి వాడకూడదు. ఇనుము మీద పని ముగిశాక కడిగి, వెంటనే తుడిచి, పలుచగా నూనె రాయాలి. తుప్పు మొదట పట్టేది కొత్తగా గీసిన గీతల్లోనే.