లైసెన్సు తుపాకీ ఎంత చిన్నదైతే పనికొస్తుంది: కొలిచి ఎంచుకునే పద్ధతి

కడప కలెక్టరేటు నుంచి ఆయుధ లైసెన్సు చేతికి వచ్చినవారు దుకాణంలో అడుగుపెట్టగానే అడిగే మొదటి మాట, "అన్నిటికంటే చిన్నది ఏదుంది?" అని. చొక్కా కింద ఉబ్బు కనబడకూడదు, కారులో కూర్చున్నప్పుడు పొట్టకు గుచ్చుకోకూడదు, పెళ్ళికి వెళ్ళినా నలుగురి కళ్ళూ నడుము మీద పడకూడదు. ఈ కోరికలో తప్పేమీ లేదు. పైగా 2016 ఆయుధ నియమాలలోని 32వ నియమం ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీని ఒరలో గానీ సంచిలో గానీ పెట్టుకొని, పూర్తిగా కప్పి ఉంచి, అది మన అదుపులోనే ఉండేలా చూసుకోవాలి. కాబట్టి దాచిపెట్టుకోవడం మన ఇష్టానికి వదిలిన విషయం కాదు, చట్టం పెట్టిన షరతు. అయితే చిన్నదనానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు ఎక్కడుందో డబ్బు చెల్లించక ముందే కొలిచి తెలుసుకోవచ్చు.

ముందుగా నేను చూసినది చెబుతాను. ప్రొద్దుటూరులో ఉండే మా మేనమామ దగ్గర చాలా ఏళ్ళ కిందటి విదేశీ .25 బోరు (గొట్టం లోపలి వ్యాసం సుమారు పావు అంగుళం) పిస్టల్ ఒకటి ఉండేది. అరచేతిలో పెట్టుకొని వేళ్ళు మూస్తే దాదాపు కనబడేది కాదు. షూటింగ్ రేంజిలో నేను దాన్ని పట్టుకున్నప్పుడు పిడి మీద రెండు వేళ్ళకే చోటు దొరికింది, చిటికెనవేలూ ఉంగరపువేలూ గాలిలో వేలాడాయి. పది మీటర్ల దూరంలోని కాగితానికి ఆరు గుండ్లలో రెండే తగిలాయి. మూడో గుండు పేల్చినప్పుడు వెనక్కి వచ్చిన స్లయిడ్ (పిస్టల్ మీద ముందుకూ వెనక్కూ జరిగే ఉక్కు భాగం) బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న పలుచని చర్మాన్ని చీల్చింది. మామ నా చేతికి గుడ్డ చుడుతూ, "జేబులో ముప్పై ఏళ్ళు పెట్టుకొని తిరిగినానురా, దీన్ని కాల్చింది మాత్రం నాలుగైదు సార్లే" అన్నాడు. తుపాకీ పరిమాణం గురించి నేను పట్టించుకోవడం ఆ రోజుతోనే మొదలైంది.

తుపాకీ ఎంత చిన్నగా తయారవుతుందో మొదట నిర్ణయించేది తూటా. మన దేశంలో సామాన్య పౌరుడు లైసెన్సు మీద కొనే పిస్టళ్ళలో ఎక్కువ భాగం .32 బోరువి. ఆ తూటా పొడవు 25 మిల్లీమీటర్లు. అది మ్యాగజైనులో, అంటే తూటాలు నింపే పెట్టెలో, అడ్డంగా పడుకొని ఉంటుంది, మ్యాగజైను పిడి లోపల ఉంటుంది. కనుక పిడి ముందు నుంచి వెనక వరకు ఉండే మందం ఆ 25 మిల్లీమీటర్లతో పాటు మ్యాగజైను రేకునూ పిడి గోడలనూ కలుపుకోవాలి, అంతకు తగ్గడానికి వీల్లేదు. స్లయిడ్ కూడా తూటా పొడవుకు మించి వెనక్కి జరిగితేనే ఖాళీ గుల్ల బయటపడి కొత్త తూటా పైకి వస్తుంది.

రివాల్వరు లెక్క మరోలా ఉంటుంది, దాన్ని ఇంట్లోనే చూడవచ్చు. ఒక రూపాయి బిళ్ళను బల్ల మీద పెట్టి, దాని చుట్టూ అవే బిళ్ళలు ఆరింటిని ఆనించి పేర్చండి. ఆరూ సరిగ్గా సరిపోతాయి, మొత్తం వెడల్పు బిళ్ళకు మూడింతలవుతుంది. .32 రివాల్వరు తూటా అంచు వ్యాసం సుమారు 9.5 మిల్లీమీటర్లు. ఆరు తూటాలను గుండ్రంగా పేర్చి, చుట్టూ పేలుడును తట్టుకునే ఉక్కు గోడను కలుపుకుంటే సిలిండరు (తూటాలు పట్టే, గుండ్రంగా తిరిగే భాగం) మూడు సెంటీమీటర్ల దగ్గరకు వస్తుంది. నడుము దగ్గర ఉబ్బుగా కనబడేది ఈ సిలిండరే. గొట్టం పొడవు తగ్గించినంత మాత్రాన ఆ ఉబ్బు తగ్గదు. పొట్టి గొట్టం ఉన్న రివాల్వరు బాగా దాగుతుందని నమ్మేవారు ఈ విషయం గమనించాలి.

తుపాకీని ఇంకా కుదించాలంటే తూటానే కుదించాలి. ఆస్ట్రియాలో 1914 ప్రాంతంలో వచ్చిన కోలిబ్రి పిస్టల్ 2.7 మిల్లీమీటర్ల బోరుతో అలాగే తయారైంది. దాని గొట్టం ఎంత సన్నమంటే లోపల గుండును తిప్పే మెలిక గాడులు కూడా పెట్టలేదు. అది వింత వస్తువుగా మిగిలింది గానీ రక్షణకు పనికిరాలేదు. పనికొచ్చే వాటిలో బాగా చిన్నవి అమెరికాలో ఉన్నాయి: సీక్యాంప్ .32 పొడవు 11 సెంటీమీటర్ల లోపే, కానీ దాని మీద గురి చూసుకునే సైట్లే లేవు. 1999లో వచ్చిన కెల్‌టెక్ పి-32 ఖాళీగా ఉన్నప్పుడు 200 గ్రాముల లోపే తూగుతుంది. ఆ తర్వాత అక్కడి తయారీదారులు ఇంకా కుదించే దారిలోనే పోలేదు. 2018లో వచ్చిన సిగ్ పి-365 సుమారు 15 సెంటీమీటర్ల పొడవూ అరకిలో బరువూ ఉంచుకొని, మ్యాగజైనులో పది తూటాలు పట్టేలా తయారైంది. దాని 9 మిల్లీమీటర్ల బోరు మన దేశంలో పౌరులకు నిషిద్ధం కాబట్టి మనం కొనలేము, కానీ దాని కొలతలు చూస్తే ఆచరణలో హద్దు ఎక్కడుందో అర్థమవుతుంది.

రెండో హద్దు బరువు. ఒకే తూటాను కిలో బరువున్న తుపాకీలోనూ అరకిలో బరువున్న తుపాకీలోనూ పేల్చితే, తేలికైనది రెట్టింపు వేగంతో వెనక్కి తంతుంది, ఆ తన్నులోని శక్తి కూడా రెట్టింపవుతుంది. కాన్పూరులో తయారై 2014లో వచ్చిన నిర్భీక్ రివాల్వరు టైటానియం మిశ్రలోహంతో 500 గ్రాముల బరువుతో వచ్చింది. 2023లో అక్కడి నుంచే వచ్చిన ప్రబల్ 700 గ్రాములు, 76 మిల్లీమీటర్ల గొట్టం, మొత్తం పొడవు 18 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. సంచిలో పెట్టుకొనేవారికి ఆ 200 గ్రాముల తేడా లాభంగానే కనబడుతుంది. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ నొక్కుతోనే సుత్తి వెనక్కి వెళ్ళి పేలే) రివాల్వరు ట్రిగ్గర్‌కు నాలుగైదు కిలోల బలం మామూలే. అరకిలో వస్తువు మీద నాలుగైదు కిలోల బలం పెడితే, పట్టు గట్టిగా లేనివారి చేతిలో గొట్టం మూతి పక్కకు జరగక తప్పదు. రక్షణ కోసం కొనేవారికి, ముఖ్యంగా ఏడాదికి ఒకటి రెండు సార్లు మాత్రమే రేంజికి వెళ్ళేవారికి, 700 గ్రాములదే మేలని నా అభిప్రాయం.

మూడో హద్దు గురి. ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం 10 సెంటీమీటర్లు ఉన్న పిస్టల్‌లో ముందు సైటు ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే, పది మీటర్ల దూరంలో గుండు 10 సెంటీమీటర్లు తప్పుతుంది. అదే దూరం 15 సెంటీమీటర్లు ఉంటే ఆ తప్పు ఏడు సెంటీమీటర్లకు లోపే ఉంటుంది. వణికే చేతికి ఒక మిల్లీమీటరు పెద్ద లెక్క కాదు.

ఇక కొలిచే పద్ధతి. కొనాలనుకున్న మోడల్ పొడవు, ఎత్తు, మందం రాసుకొని, అంతే కొలతలున్న దీర్ఘచతురస్రపు చెక్క దిమ్మను వడ్రంగి చేత చేయించండి. తుపాకీ ఆకారంలో చేయించవద్దు, చూసినవారు భయపడతారు. దిమ్మకు సీసం ముక్కలు బిగించి, తూటాలు నింపిన తుపాకీ ఎంత తూగుతుందో అంత బరువుకు తీసుకురండి. దాన్ని ఒరకు బదులు గట్టి గుడ్డ సంచిలో పెట్టి, రోజూ వేసుకునే బట్టల కింద వారం రోజులు ఉంచుకోండి. పొలానికి వెళ్ళండి, మోటారు సైకిలు నడపండి, నేల మీద బాసింపట్టు వేసుకొని భోజనం చేయండి. పంచె కట్టేవారికి అసలు చిక్కు ఇక్కడే తెలుస్తుంది: పంచె ముడి ఏడువందల గ్రాములను మోయలేదు, దాని కింద ప్రత్యేకంగా వెడల్పాటి తోలు బెల్టు కట్టుకోక తప్పదు. చాలామంది చిన్న తుపాకీ కావాలనుకోవడానికి కారణం బెల్టు పలుచగా ఉండటమే. మంచి బెల్టు, ట్రిగ్గర్‌ను పూర్తిగా మూసే గట్టి ఒర ఉంటే ఒక సైజు పెద్ద తుపాకీ కూడా చొక్కా కింద దాగుతుంది. ఒర లేకుండా తుపాకీని వట్టి జేబులో వేసుకోవడం మాత్రం ఎంత చిన్నదైనా ప్రమాదమే, తాళం చెవో పెన్నో ట్రిగ్గర్‌కు తగిలితే చాలు.

ఈ వారాన్ని వీలైతే ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి. మన ఎండలకు నడుము దగ్గర పట్టే చెమటలోని ఉప్పు ఉక్కును తింటుంది. చిన్న పిస్టళ్ళలో కదిలే భాగాల మధ్య ఖాళీ తక్కువ కాబట్టి దుమ్మూ బట్టల నూగూ త్వరగా అడ్డుపడతాయి. వాటిని ఎక్కువసార్లు విప్పి తుడవాలి.

దుకాణానికి వెళ్ళినప్పుడు రోజువారీ బట్టలతోనే వెళ్ళండి. ఖాళీగా ఉందని మీ కళ్ళతో చూసుకున్నాకే చేతిలోకి తీసుకొని, మూతిని మనుషులు లేని దిక్కుకు తిప్పి పట్టుకోండి. పిడి మీద కనీసం మూడు వేళ్ళు పూర్తిగా కూర్చోవాలి. స్లయిడ్‌ను పదిసార్లు వెనక్కి లాగి చూడండి. చిన్న పిస్టళ్ళలో స్లయిడ్ తేలిక కాబట్టి స్ప్రింగు గట్టిగా ఉంటుంది, అయిదోసారికే వేళ్ళు జారితే అది మీ చేతికి తగినది కాదు. చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీద సహజంగా ఆనాలి. వేలు మరీ లోపలికి పోయి గోరు అవతలి వైపు తేలితే తుపాకీ మీకు చిన్నదైందని అర్థం. అప్పుడు అద్దాల పెట్టెలో దాని పక్కనున్న పెద్దదాన్ని తీయమనండి.