అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే: టికెట్ కొనేముందు చూసుకోవాల్సినవి

ఆగస్టు ఇంటేక్‌కి శంషాబాద్ నుంచి బయల్దేరే పిల్లలైనా, మనవల్ని చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నలైనా టికెట్ కొనేటప్పుడు రేటు, లగేజీ ఎన్ని కేజీలు, మధ్యలో ఎంతసేపు ఆగాలి అన్నవే చూస్తారు. అమెరికా ఇమిగ్రేషన్ ఏ ఊళ్లో అవుతుందో చూసేవాళ్లు తక్కువ. కొందరికి దానివల్ల ప్రయాణం చాలా తేలికవుతుంది. ఇంకొందరికి అదే పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది.

గల్ఫ్ మీదుగా పోయే దారుల్లో అబుదాబి ఒక్కటే ఈ విషయంలో వేరు. 2014 జనవరి నుంచి అక్కడి ఎయిర్‌పోర్టులో అమెరికా బోర్డర్ అధికారులే, అంటే సీబీపీ వాళ్లే, కౌంటర్లలో కూర్చుంటున్నారు. న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగాక జరగాల్సిన ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు విమానం ఎక్కకముందే అయిపోతాయి. దీన్ని ప్రీక్లియరెన్స్ అంటారు. దుబాయ్, దోహాల్లో ఇది లేదు, అక్కడ ఎక్కితే తనిఖీ అమెరికాలో దిగాకే. ఐర్లాండ్‌లో డబ్లిన్, షానన్ ఎయిర్‌పోర్టుల్లో ఉంది. కెనడాలో టొరంటో, వాంకూవర్ లాంటి పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఉంది. టొరంటోలో అయితే 1952లోనే మొదలైంది. కానీ టొరంటో మీదుగా చవక టికెట్ దొరికిందని కొనేస్తే జాగ్రత్త: చేతిలో అమెరికా వీసా ఉన్నా, ఇండియన్ పాస్‌పోర్ట్ మీద కెనడాలో విమానం మారడానికే మామూలుగా వాళ్ల ట్రాన్సిట్ వీసా కావాలి. దానికి ఫీజు లేకపోయినా ముందే అప్లై చేసి తెచ్చుకోవాలి.

అన్నీ సవ్యంగా జరిగితే అబుదాబి దారిలో సుఖం ఉంది. అమెరికాలో దిగేసరికి మీరు డొమెస్టిక్ ప్యాసింజర్ కింద లెక్క. పద్నాలుగు గంటల ప్రయాణం తర్వాత ఇమిగ్రేషన్ క్యూలో నిలబడక్కర్లేదు. అక్కణ్ణుంచి డల్లాస్‌కో ఆస్టిన్‌కో ఇంకో విమానం ఉంటే, మామూలు దారిలో మొదట దిగిన ఊళ్లోనే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించి, మళ్లీ సెక్యూరిటీ దాటాలి. ప్రీక్లియరెన్స్ అయినవాళ్ల పెట్టెలు ఒకే టికెట్ మీద చివరి ఊరిదాకా ట్యాగ్ వేసి ఉంటే నేరుగా అక్కడికే వెళ్తాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఇది చిన్న మేలు కాదు. విజిటర్ వీసా మీద వెళ్లే తల్లిదండ్రులకి, కాగితాలన్నీ సరిగ్గా ఉంటే, నేను ఈ దారే చెబుతాను.

దానికి చెల్లించే మూల్యం అబుదాబిలో పట్టే సమయం. అక్కడ అమెరికా పద్ధతిలో సెక్యూరిటీ తనిఖీ మళ్లీ చేస్తారు, ఆ తర్వాత ఇమిగ్రేషన్ క్యూ. కౌంటర్‌లో అధికారి ముందున్న తెరమీద మీ చెకిన్ పెట్టె ఫొటో కనిపిస్తుంది, అది మీదేనా అని అడుగుతారు. హైదరాబాద్ విమానం ఆలస్యమై పెట్టె ఇంకా అక్కడికి చేరకపోతే, అది వచ్చేదాకా మిమ్మల్ని కూర్చోబెడతారు. విమానం తప్పిపోయేది ఇలాంటప్పుడే. అందుకే గంటన్నర, రెండు గంటల కనెక్షన్ అమ్ముతున్నా కొనకండి. మూడు గంటలకి తగ్గకూడదు, ఆగస్టులో నాలుగు ఉంటే మేలు. హైదరాబాద్ విమానం దిగగానే నేరుగా అమెరికా గేట్ల వైపు నడవండి. టిఫిన్, షాపింగ్ ఏమున్నా క్లియరెన్స్ అయ్యాకే. డ్యూటీ ఫ్రీలో సీసాలు కొని చేత్తో పట్టుకుంటే ఆ సెక్యూరిటీలో తీసి పారేయించొచ్చు. ఒకసారి క్లియర్ అయ్యాక విమానం రద్దయితే మీ ఎంట్రీ కూడా రద్దే, మర్నాడు తనిఖీ అంతా మొదటి నుంచి చేయించుకోవాలి.

ఇక అందరికీ టెన్షన్ పెట్టే సంగతి: వెనక్కి పంపిస్తే?

ఆపడానికి కారణాలు ఏ ఊళ్లోనైనా అవే. ఫలితంలో మాత్రం తేడా ఉంది. అమెరికాలో దిగాక అధికారి కాదంటే, అక్కడికక్కడే రిమూవల్ ఆర్డర్ రాసి పంపించే అధికారం అతనికి ఉంది. ఆ ఆర్డర్ పడితే మామూలుగా ఐదేళ్ల నిషేధం. అబుదాబిలో మీరింకా అమెరికా చేరలేదు కాబట్టి ఆ ఆర్డర్ ఉండదు. మీరు లోపలికి రావాలన్న అభ్యర్థనను ఉపసంహరించుకుని వెనక్కి రావచ్చు, ఇంటికి నాలుగు గంటల దూరం. అయినా దీన్ని తేలిగ్గా తీసుకోకండి. వీసా అక్కడే రద్దు చేయొచ్చు. అబద్ధం చెప్పారనో, దొంగ కాగితం చూపించారనో రాస్తే అది జీవితాంతం వెంటాడుతుంది, అది ఏ దేశంలో రాశారన్నదానితో పనిలేదు. మిమ్మల్ని పక్క గదికి తీసుకెళ్లి ప్రశ్నలడిగి, జవాబులు టైప్ చేసి సంతకం పెట్టమంటే, ప్రతి పేజీ చదవండి. ఇంగ్లీష్ పూర్తిగా అర్థం కాకపోతే ఇంటర్‌ప్రెటర్ కావాలని గట్టిగా అడగండి. భయంతో తలూపి "యస్" అన్నది కూడా మీ వాంగ్మూలమే అవుతుంది.

స్టూడెంట్లు ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే, స్టూడెంట్ వీసాకి ఆధారమైన ఫారం), సెవిస్ (విదేశీ స్టూడెంట్ల వివరాలుండే అమెరికా ప్రభుత్వ రికార్డు) ఫీజు రసీదు, అడ్మిషన్ లెటర్, లోన్ శాంక్షన్ లెటర్, బ్యాంకు కాగితాలు చేతి బ్యాగులోనే పెట్టుకోండి. చెకిన్ పెట్టెలో ఉంటే అవి ఉన్నా లేనట్టే. ఐ-20లో రాసిన ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు వెళ్తే లోపలికి రానివ్వరు, కాబట్టి టికెట్ తేదీని దానితో సరిచూడండి. ఐ-20లో ఎంత డబ్బు చూపించారో, ఎవరు కడుతున్నారో మీ నోటితో చెప్పగలగాలి. కన్సల్టెన్సీ వాళ్లు నింపిన ఫారాల్లో ఏముందో తెలియకుండా వెళ్లే పిల్లల్ని తలుచుకుంటే నాకు నిజంగా భయమేస్తుంది. డిఎస్-160, అంటే వీసా అప్లికేషన్ ఫారం కాపీ అడిగి తీసుకుని, ఇంట్లో కూర్చుని ఒకసారి మొత్తం చదవండి.

ఫోన్ కూడా అడగొచ్చు. వారంట్ లేకుండానే వాళ్లు చూడొచ్చు, ఇవ్వనంటే వీసా మీద వెళ్లేవాళ్లని రానివ్వకపోవచ్చు. గ్యాస్ స్టేషన్‌లో పని చూసిపెట్టమని అన్నయ్యకి పెట్టిన వాట్సాప్ మెసేజ్ కనిపిస్తే, మీరు చదువుకోవడానికి వస్తున్నారంటే నమ్మరు. మెసేజ్ తీసేయడం దీనికి మందు కాదు. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని. బయట పని చేసి ఫీజు కట్టే లెక్క మీద బయల్దేరుతుంటే, ఆ లెక్క ఇంట్లోనే మార్చుకోవాలి.

అబుదాబి దారి వద్దని నేను గట్టిగా చెప్పేది ఒక్కరికే: గ్రీన్‌కార్డు ఉండి ఇండియాలో ఎక్కువకాలం ఉండిపోయిన తల్లిదండ్రులకి. ఇలాంటివాళ్లు మన ఇళ్లల్లో చాలామందే ఉన్నారు. ఆపరేషన్ అనో, పొలం తగాదా అనో, మనవరాలి పెళ్లి అనో ఆగిపోతారు. ఏడాది దాటితే, రీఎంట్రీ పర్మిట్ (ఎక్కువకాలం బయట ఉండి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేకుండా ఆ కార్డు ఒక్కటి చూపించి లోపలికి వెళ్లలేరు. ఏడాది లోపైనా, 180 రోజులు దాటితే ప్రశ్నలు ఎక్కువే. అమెరికాలో దిగితే, అధికారి ఒప్పుకోకపోయినా, ఇమిగ్రేషన్ జడ్జి ముందు విచారణ కోరే హక్కు గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఉంది. అబుదాబిలో జడ్జి లేడు, విమానం ఎక్కనివ్వకపోతే అక్కడే ఆగిపోతారు. ఐ-407 అనే ఫారం ముందు పెడితే, అది గ్రీన్‌కార్డు మీకై మీరు వదులుకుంటున్నట్టు రాసిచ్చే కాగితం. సంతకం పెట్టడం, పెట్టకపోవడం మీ ఇష్టం. ఈ సంగతి అమ్మానాన్నలకి తెలుగులో విడమర్చి చెప్పి పంపండి. ఇలాంటి పరిస్థితి ఉంటే టికెట్ కొనేముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

తిండి సామాను విషయం కూడా అబుదాబిలోనే తేలిపోతుంది. పచ్చి కరివేపాకు, పండ్లు, విత్తనాలు, మాంసం, చికెన్ పచ్చడి, రొయ్యల పొడి అంటూ అమ్మ సర్దిపెట్టినవాటిలో ఆకులు, పండ్లు, కోడి, మటన్ కలిసినవి తీసేయండి. ఇండియా నుంచి సామానులో బియ్యం కూడా తీసుకెళ్లకూడదు. మిగతా తిండి ఏమున్నా అడిగినప్పుడు ఉందని చెప్పేయండి. చెప్పిన సరుకు కాదంటే పారేస్తారు, అంతే. దాచితే జరిమానా 10,000 డాలర్ల దాకా పోవచ్చు. కారం, కంది పొడి, పిండి లాంటివి చేతి బ్యాగులో వద్దు. అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్లకి మించిన పొడి చేతి సామానులో ఉంటే విడిగా తనిఖీ చేస్తారు, తేలకపోతే ఆపేస్తారు. నగదు, ట్రావెలర్స్ చెక్కులు కలిపి 10,000 డాలర్లు దాటితే డిక్లేర్ చేయాలి.

క్లియర్ అయ్యాక కూడా, అమెరికాలో దిగినప్పుడు మళ్లీ అడిగే అధికారం వాళ్లకి ఉంటుంది. అరుదుగానే అడుగుతారు, అయినా కాగితాలు పెట్టెలోకి తోసేయకండి. మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకి కూడా ముందే చెప్పండి, మీరు ఇంటర్నేషనల్ అరైవల్స్ తలుపు దగ్గర కాకుండా డొమెస్టిక్ వాళ్లు వచ్చే దారిలో రావచ్చని. ఫోన్ పనిచేయని పెద్దవాళ్లు, ఎదురుచూసే కొడుకు చెరో చోట నిలబడిపోతారు.

ఊరు చేరాక రెండు మూడు రోజుల్లో సీబీపీ వెబ్‌సైట్‌లో ఐ-94, అంటే మీరు లోపలికి వచ్చినట్టు వాళ్లు రాసుకున్న రికార్డు, తీసి చూడండి. పేరు, పాస్‌పోర్ట్ నంబరు, వీసా క్లాస్, ఎప్పటిదాకా ఉండొచ్చో అన్నీ సరిచూడండి. హెచ్-1బి (ఉద్యోగ వీసా) వాళ్ల పాస్‌పోర్ట్ గడువు, వాళ్ల కోసం కంపెనీ వేసిన పిటిషన్ గడువు కంటే ముందే అయిపోతుంటే, ఐ-94 ఆ పాస్‌పోర్ట్ తేదీ దగ్గరే ఆగిపోవచ్చు. వీసా మీద తేదీ చూసి నిశ్చింతగా ఉన్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. తప్పు కనిపిస్తే స్టూడెంట్లు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి, ఉద్యోగులు కంపెనీ లాయర్‌కి వెంటనే చెప్పి సరిచేయించుకోవాలి.