ఇంటి లోన్‌కు అప్లై చేస్తున్నారా? వచ్చిన కాల్‌లో సోషల్ నంబర్ చెప్పకండి

మొన్న మంగళవారం డాలస్‌లో మా పక్కింటి తమ్ముడు ఫోన్ పట్టుకుని వచ్చాడు. ఒక్క పూటలో 34 మిస్డ్ కాల్స్. "35వది ఎత్తానన్నా. నా పేరు, కొనబోయే ఊరు, ఎంత లోనో అన్నీ వాళ్లే చెప్పారు. మా లెండర్ ఆఫీసే అనుకుని పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబర్ చెప్పేశా" అన్నాడు. ఆ రాత్రే కూర్చుని, మన అప్పుల రికార్డు ఉంచే క్రెడిట్ బ్యూరోలన్నింటిలో క్రెడిట్ ఫ్రీజ్ చేశాం, అంటే వాడి పేరు మీద కొత్త అప్పు కోసం ఎవరూ ఆ రికార్డు చూడకుండా తాళం వేశాం. లోన్ మధ్యలో ఉంది కాబట్టి అసలు లెండర్ కోసం దాన్ని మళ్లీ తీయాల్సి వచ్చింది. ఆ ఇంట్లో ఇంకా టెన్షన్ తగ్గలేదు.

"కొత్త చట్టం వచ్చిందిగా, కాల్స్ రావనుకున్నా" అన్నాడు పాపం. చట్టం వచ్చిన మాట నిజమే. లోన్ కోసం లెండర్ మీ క్రెడిట్ చూడగానే ఆ సంగతిని క్రెడిట్ బ్యూరోలు వేరే లెండర్లకు అమ్ముకునేవి. దీన్నే ట్రిగ్గర్ లీడ్ అంటారు. 2025 సెప్టెంబరులో సంతకమైన చట్టం 2026 మార్చి నుంచి దానికి చాలావరకు అడ్డుకట్ట వేసింది. కానీ మీకు ఖాతా ఉన్న బ్యాంకుకు, ఇప్పటికే మీ ఇంటి లోన్ చూస్తున్న కంపెనీకి, మీరు ఒప్పుకున్నవాళ్లకు దారి తెరిచే ఉంది. మావాడు రేట్లు పోల్చే సైట్‌లో తన నంబర్ ఇచ్చి, కింద చిన్న అక్షరాల్లో ఉన్నదానికి టిక్ పెట్టాడు. ఇక మోసగాళ్లను ఏ చట్టమూ ఆపదు.

అందుకే చెబుతున్నా: వచ్చిన కాల్‌లో ఏమీ చెప్పకండి. వాళ్లకు మీ వివరాలు తెలిసినంత మాత్రాన మీ లెండర్ అయిపోరు. పెట్టేసి, మీ దగ్గరున్న లోన్ ఆఫీసర్ నంబర్‌కు మీరే చేయండి.

లెండర్ క్రెడిట్ చూడకముందే, కనీసం రెండు వారాల ముందు, ఆప్ట్ అవుట్ ప్రీస్క్రీన్ డాట్ కామ్‌లో, బ్యూరోలు లోన్ ఆఫర్ల కోసం ఇచ్చే జాబితాల నుంచి పేరు తీయించుకోండి. ఆన్‌లైన్‌లో చేస్తే ఐదేళ్లు ఉంటుంది. శాశ్వతంగా కావాలంటే ఫారంపై సంతకం చేసి పోస్టులో పంపాలి. భార్యాభర్తలు ఎవరిది వాళ్లు చేయాలి. ఒక్కరే చేస్తే రెండోవాళ్ల ఫోన్ మోగుతుంది. క్రెడిట్ ఫ్రీజ్ ఉంది కదా అని దీన్ని వదిలేయకండి, ఈ ఆఫర్లను ఫ్రీజ్ ఆపదు.

అమ్మకాల కాల్స్ వద్దని చెప్పే డు నాట్ కాల్ లిస్టులో నంబర్ చేర్చండి. పని చేయడానికి 31 రోజుల దాకా పట్టొచ్చు, ఇప్పుడే చేయండి.

రేట్లు పోల్చాలా? ముగ్గురు నలుగురు లెండర్లకు మీరే ఫోన్ చేయండి. 14 రోజుల్లోపు ఎంతమంది చూసినా స్కోరు లెక్కలో ఒక్కసారి కిందే వస్తుంది.

మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కొద్దు.

డబ్ల్యూ-టూ (ఏడాది జీతం, పన్ను చూపే ఫారం), పే స్టబ్స్ వాట్సాప్‌లో ఎవరికీ పంపొద్దు. తెలుగులో మాట్లాడాడని, మన ఊరి పేరు చెప్పాడని అసలే పంపొద్దు.

"ఈరోజే రేటు లాక్ చేయాలి" అన్నాడా, పెట్టేయండి.

క్లోజింగ్ (ఇల్లు మీ చేతికొచ్చే రోజు) ముందు, డబ్బు పంపాల్సిన ఖాతా (వైర్) వివరాలు మారాయని మెయిల్ వస్తే డబ్బు కదపొద్దు. ఇంటి కాగితాలు, డబ్బు చూసే టైటిల్ కంపెనీకి మీకు ముందే తెలిసిన నంబర్‌లో ఫోన్ చేసి అడగండి.

"సోషల్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలే" అన్నా సరే, వచ్చిన కాల్‌లో చెప్పొద్దు.

ఇప్పటికే చెప్పేశారా? ఈ రాత్రే ఫ్రీజ్ పెట్టండి. మీ లోన్ ఆఫీసర్‌కు జరిగింది దాచకుండా చెప్పండి.